ఆ 999 కట్టకే, బుజ్జీ

బుజ్జీ,

ఫోన్లో సర్వేలు చేస్తే డబ్బిస్తారట, చేరనా అని నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్లోనే చెప్పేద్దామనుకున్నా. కానీ ఆ టైముకి నువ్వు పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించే హడావుడిలో ఉంటావు, సగం విని "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. మధ్యాహ్నం తీరిగ్గా చదువుకో.

ముందు అర్జెంటు సంగతి. సర్వేల్లో చేర్చుకోడానికి వాళ్ళడిగిన ఆ 999 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు కట్టావా? కట్టకపోతే కట్టకు. కట్టేసి ఉంటే అదే ఆఖరు, ఇంకో రూపాయి పంపకు. సర్వే చేసేవాడికి నీ అభిప్రాయం కావాలి. కావాల్సినవాడు ఎదురు డబ్బిస్తాడు గానీ నీ దగ్గర పుచ్చుకుంటాడా? నేను ఆ పనిలో పదకొండేళ్ళు ఉన్నాను. ఫీజు కట్టించుకుని మరీ ప్రశ్నలడిగిన కంపెనీ ఒక్కటీ చూళ్ళేదు.

అది మోసమని తేలిపోయింది గనక పక్కన పెడదాం. నువ్వడిగిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఫీజు అడగని యాప్‌లు కూడా ఉన్నాయి కదా, వాటిల్లో సర్వేలు చేస్తే నెలకి ఎంతో కొంత వస్తుందా అని. దానికి జవాబు చెప్పాలంటే నా పాత సంచీ విప్పాలి.

మీ పెదనాన్న పనిచేసే మిల్లు మూతపడ్డాక నేను గుంటూర్లో ఇంటింటి సర్వేలకి వెళ్ళేదాన్ని. నువ్వు పుట్టేనాటికే బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వీధులన్నీ నాకు ఇళ్ళ నంబర్లతో సహా తెలుసు. భుజాన సంచీ, సంచీలో ఫారాలు, బ్రాండ్ల పేర్లు అచ్చేసిన షో కార్డులు, ఒక అట్ట. సూపర్‌వైజరు వీధి మొదట్లో నిలబెట్టి "ఇక్కణ్ణుంచి కుడిచేతి వాటం" అనేవాడు. అంటే కుడిచేతి వైపు ఇళ్ళే పట్టుకుంటూ పోవాలి. ఒక ఇంట్లో పని అయితే ఆయన చెప్పినన్ని గుమ్మాలు వదిలి ఆ తర్వాతది తట్టాలి. మజ్జిగ ఇచ్చే గుమ్మం, ఫ్యాను వేసే గుమ్మం అని మనం ఎంచుకోకూడదు.

ఫారం పూర్తయితే నాకు పదిహేను రూపాయలు. ఆ ఇల్లాలికి ఒక బాల్‌పెన్నో, సబ్బుపెట్టో. సగంలో "మీ ఇంట్లో వాషింగ్ మెషీన్ లేదాండీ, అయితే సరేనండీ" అని లేచి వచ్చేశాననుకో, నాకు పైసా రాదు, ఆవిడకి పెన్నూ రాదు. ఎండలో నాలుగు వీధులు తిరిగి మూడు ఫారాలతో ఇంటికొచ్చిన రోజులున్నాయి.

ఇప్పుడు ఫోన్లో చేసే సర్వే కూడా అదే పని. సంచీ పోయింది, ఎండ పోయింది, మధ్యలో నేనూ పోయాను. గుమ్మం తట్టేదీ నువ్వే, జవాబు చెప్పేదీ నువ్వే. కానీ సగంలో లేపేస్తే పైసా రాదన్న రూలు మాత్రం అలాగే ఉంది.

ఎందుకు లేపేస్తారో చెప్తా విను, ఇది అర్థమైతే సగం తెలిసినట్టే. ఒక కంపెనీకి, ఈ ఆర్నెల్లలో వాషింగ్ మెషీన్ కొన్న ఆడవాళ్ళు రెండొందల మంది కావాలనుకో. అందులో పాతికేళ్ళ లోపువాళ్ళు ఇంతమంది, పట్నంవాళ్ళు ఇంతమంది, చిన్న ఊళ్ళవాళ్ళు ఇంతమంది అని గళ్ళు గీసుకుంటారు. దాన్నే కోటా అంటారు. నీ గడి నిండే దాకా నువ్వు మహారాణివి. నిండిన మరుక్షణం నువ్వెంత బాగా జవాబు చెప్పినా అక్కర్లేదు. వాళ్ళు కొనేది నీ టైము కాదే, నీలాంటి మనిషిని. అందుకే డాక్టర్లకి ఒక్క సర్వేకి వందలూ వేలూ ఇస్తారు, మనకి ఐదో పదో. డాక్టరు దొరకడం కష్టం, ఇంట్లో ఫోను పట్టుకున్న ఇల్లాలు దొరకడం సులువు.

ఇంకో సంగతి. ఆ యాప్‌లో చేరగానే ఇంట్లో ఫ్రిజ్ ఉందా, గ్యాస్ పొయ్యి ఉందా, సీలింగ్ ఫ్యాను ఉందా, పొలం ఉందా అని అడుగుతారు చూడు, అది ఊసుపోక అడిగేది కాదు. మన దేశంలో 2011లో మార్కెట్ సర్వేలవాళ్ళు ఇంటిని తూచడానికి తెచ్చుకున్న కొలత ఒకటుంది. ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి ఎంతవరకు చదివాడు, పదకొండు వస్తువుల్లో ఎన్ని ఉన్నాయి, ఈ రెండూ చూసి ఏ1 నుంచి ఇ3 దాకా పన్నెండు మెట్లలో ఒక మెట్టు మీద నిన్ను కూర్చోబెడతారు. కరెంటు కనెక్షన్ దగ్గర్నుంచి కారు, ఏసీ దాకా, సాగుభూమితో సహా ఆ పదకొండులో ఉన్నాయి. ఆ మెట్టుని బట్టే నీకు ఏ సర్వే వస్తుందో, ఏది రాదో.

ఇదంతా తెలిసి కూడా నేను స్వయంగా చేసి చూశాను, నవ్వకు. పోయిన ఏడాది కాలు విరిగి మంచం మీద ఉన్నప్పుడు ఏమీ తోచక రెండు యాప్‌లు వేసుకున్నా. పాల లెక్క రాసే నోటుబుక్కు వెనక పేజీల్లో గళ్ళు గీసి రోజూ రాశాను: ఎప్పుడు మొదలెట్టా, ఎప్పుడు ముగించా, ఎన్ని పాయింట్లు. సరిగ్గా ముప్ఫై రోజులు.

మొదటి సర్వేలో ఏమైందో తెలుసా? "మీరు గానీ మీ కుటుంబసభ్యులు గానీ ప్రకటనల సంస్థలో, మార్కెట్ రీసెర్చ్‌లో పనిచేశారా?" అని అడిగింది. ఆ ప్రశ్న నేనే కొన్ని వేల గుమ్మాల్లో అడిగి ఉంటాను. వృత్తిలోవాళ్ళని ముందే ఏరెయ్యడానికి పెట్టే ప్రశ్న అది. పనిచేశానని నిజం చెప్పా. మర్యాదగా బయటికి పంపింది. మీ పెదనాన్న అయితే కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

ఇంకోటి బాగా గుర్తుంది. మంగళవారం మధ్యాహ్నం, కాలు స్టూలు మీద పెట్టుకుని వంటింటి పక్కనే కూర్చున్నా, మీ పెదనాన్న కుక్కరు పెట్టారు. తలనూనె మీద సర్వే, పదిహేను నిమిషాలు, 60 పాయింట్లు అని చూపించింది. వయసు, పిన్‌కోడు, ఇంట్లో ఎంతమంది, నెలకి ఎన్ని సీసాలు, కిరాణా కొట్లో కొంటారా సూపర్ మార్కెట్లోనా, ఎవరు ఎంచుతారు, అన్నీ చెప్పాను. పదకొండో నిమిషంలో "మీరు జుట్టుకి రంగు వేస్తారా" అంది. వెయ్యను అన్నా. తెర తెల్లగా అయిపోయి "క్షమించండి, ఈ సర్వేకి మీరు అర్హులు కారు" అని వచ్చింది. పప్పు ఉడికింది, పాయింట్లు రాలేదు. కొన్ని యాప్‌లు ఇలా తిప్పి పంపినప్పుడు ఒకటో రెండో పాయింట్లు చేతిలో పెడతాయి, అదీ లేదు. రంగు సంగతి మొదటి ప్రశ్నగా అడగొచ్చుగా? మా రోజుల్లో అయితే ఫారం అలా రాసినవాణ్ణి ఆఫీసులో అందరి ముందూ నిలబెట్టి అడిగేవాళ్ళం. ఏరివేత ప్రశ్నలన్నీ మొదటి పేజీలోనే ఉండాలి. ఇక్కడ పదకొండు నిమిషాల నా జవాబులు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి, నాకు మిగిలింది క్షమాపణ.

తెలుగు గురించి అడగకు. "ఈ ఉత్పత్తిని మీ స్నేహితులకు సిఫార్సు చేయుటకు మీరు ఎంత సంభావ్యత కలిగి ఉన్నారు, 0 నుండి 10" అట. నేను ఎంత సంభావ్యత కలిగి ఉన్నానో నాకేం తెలుసు! భాష మార్చుకునే వీలుంటే ఇంగ్లిష్ పెట్టుకో, కనీసం ప్రశ్న అర్థమవుతుంది.

నెల లెక్క ఇదిగో. 41 సర్వేలు తెరిచాను. 24 సార్లు అర్హులు కారు అంది. 6 సార్లు కోటా నిండింది అంది. 11 పూర్తయ్యాయి. కూర్చున్న టైము మొత్తం పద్నాలుగున్నర గంటలు. వచ్చిన పాయింట్లు రూపాయల్లో 285. గంటకి ఇరవై కూడా పడలేదు. నోటిఫికేషన్ మోగిందని చేతిలో పని వదిలేసి పరిగెత్తిన టైము ఇందులో కలపలేదు. సర్వే ఎప్పుడొస్తుందో మనకి తెలీదు, వచ్చింది పది నిమిషాల్లో నిండిపోతుంది, అంచేత ఫోను పక్కనే పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. నాకు మంచం మీద వేరే పని లేదు గనక సరిపోయింది. నీకు పొయ్యి మీద పాలుంటాయి.

నీ లెక్క నాకంటే కాస్త మెరుగ్గా ఉండొచ్చు. నీ వయసు ఆడవాళ్ళంటే కంపెనీలకి మోజు: చిన్నపిల్లల తల్లివి, ఇంటి సరుకులు కొనేదానివి. గంటకి ముప్ఫయ్యో నలభయ్యో పడుతుందనుకో. అయినా పని ఎక్కువ చేస్తే డబ్బు ఎక్కువ రావడం అన్నది ఇందులో లేదు, చూశావా? రోజూ ఐదు గంటలు కూర్చుంటానన్నా వాళ్ళ దగ్గర నీ గడిలో ఖాళీ ఉండాలిగా.

ఇక్కడే బుద్ధి వంకరపోతుంది. కారు ఉందనీ ఏసీ ఉందనీ చెప్తే ఎక్కువ సర్వేలొస్తాయని యూట్యూబులో చెప్పేవాళ్ళున్నారు. విదేశంలో ఉన్నట్టు చూపించే ఉపాయాలు కూడా చెప్తారు. వాళ్ళు చూపించే లింకు నొక్కి నువ్వు చేరితే వాళ్ళకి రెఫరల్ డబ్బొస్తుంది, వాళ్ళ అసలు సంపాదన అది. నువ్వు మాత్రం అబద్ధాలాడకు. మా బ్యాచ్‌లో ఒకతను చెట్టు కింద కూర్చుని ఫారాలు తనే నింపేవాడు. ఒకే రోజు పద్దెనిమిది తెచ్చాడు. మర్నాడు సూపర్‌వైజరు అందులో నాలుగిళ్ళకి వెళ్ళి "నిన్న మా అబ్బాయి వచ్చాడాండీ" అని అడిగాడు. బ్యాక్ చెక్ అంటారు దాన్ని. సాయంత్రానికి అతని పద్దెనిమిదీ చించేశారు. ఇప్పుడు ఆ బ్యాక్ చెక్ యంత్రం చేస్తుంది. ఎంత తొందరగా నొక్కావు, వరసంతా ఒకే జవాబు పెట్టావా, పోయిన నెల ఇద్దరు పిల్లలని చెప్పి ఈ నెల ముగ్గురన్నావా, అన్నీ చూస్తుంది. లేని బ్రాండు పేరు ఒకటి జాబితాలో కలిపి "వాడారా" అని అడగడం మా కాలంనాటి ఎత్తే. పట్టుబడితే ఖాతా మూసేస్తారు, అదీ ఎప్పుడు? పాయింట్లు కూడబెట్టి వాటికి బదులు షాపింగ్ కూపన్ అడిగిన రోజున.

ఇప్పుడు ఆ 999 వాళ్ళ దగ్గరికి వద్దాం. ఇది కొత్త వేషం, పాత నాటకం. 2010-11లో సింగపూర్ కంపెనీ అని స్పీక్ ఏషియా అని ఒకటొచ్చింది. 11,000 రూపాయలు కట్టి చేరితే వారానికి రెండు సర్వేలు, సర్వేకి 500. ఏడాదికి ఎంతో వేళ్ళ మీద లెక్కెయ్యి: 52,000. పదకొండు వేలు తీసుకుని యాభై రెండు వేలు ఇచ్చేవాడు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? కొత్తగా చేరినవాళ్ళు కట్టింది పాతవాళ్ళకి పంచాడు. చేరేవాళ్ళు తగ్గేసరికి బండి ఆగింది. 2011లో ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. దేశమంతా లక్షల మంది మునిగారు. అప్పట్లో సర్వే అన్న మాట ఎత్తితేనే జనం మొహం మీద తలుపేసేవాళ్ళని, ఇంకా ఫీల్డులో ఉన్న మా పాత స్నేహితురాలు ఒకావిడ తిట్టుకునేది.

ఇప్పటివాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. ఒక్కోసారి ముందు ఫీజు కూడా అడగరు. వాట్సాప్‌లో పలకరిస్తారు, టెలిగ్రామ్ గ్రూపులోకి లాగుతారు. హోటల్‌కి రేటింగ్ ఇవ్వండి, వీడియోకి లైక్ కొట్టండి అంటారు. మొదటిరోజు 150 నిజంగానే నీ ఖాతాలో పడతాయి. ఆ నూటయాభై ఎర. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని 1,000 కడితే 1,300 అంటారు, అదీ ఇస్తారు. గ్రూపులో అందరూ తమకొచ్చిన డబ్బు స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు, ఆ అందరూ వాళ్ళ మనుషులే. ఐదువేల దగ్గర "మీరు తప్పు నొక్కారు, ఖాతా ఆగిపోయింది, విడిపించాలంటే ఇంకో ఇరవై వేలు" అంటారు. పోయిన ఐదువేల కోసం ఇరవై వేలు పంపే మనస్తత్వం మన అందరికీ ఉంటుంది, అదే వాళ్ళ పెట్టుబడి. ఇంకో ప్రమాదం, మొదట నీకు పడిన ఆ డబ్బు ఇంకెవరో మోసపోయినవాళ్ళది కావచ్చు. వాళ్ళు ఫిర్యాదు ఇస్తే నీ బ్యాంకు ఖాతా కూడా ఆపేస్తారు. అల్లుడి జీతం పడే ఖాతా అదే అయితే ఆ నెల ఇల్లెలా గడుస్తుందో చూసుకో.

ఒకవేళ 999 కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకు. అల్లుడికి చెప్పు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. సైబర్ మోసాలకి కేంద్రం పెట్టిన నంబరు అది. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగా ఆపే వీలు అంత ఎక్కువ. ఆ మెసేజ్‌లు చెరిపెయ్యకు. డబ్బు పంపిస్తాం పిన్ కొట్టండి అని ఎవరన్నా అంటే ఫోను పెట్టెయ్యి. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

ఇంత చెప్పాక కూడా సర్వేలు చేస్తానంటే, చెయ్యి, నేనొద్దనను. ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డ పది నిమిషాలు, అంతవరకే. గూగుల్ వాళ్ళ ఒపీనియన్ రివార్డ్స్ అని యాప్ ఉంది, రెండు మూడు ప్రశ్నలే, నిమిషంలో అయిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో దానికి వచ్చేది నగదు కాదు, ప్లే స్టోర్లో వాడుకునే క్రెడిట్, అదీ ఏడాదిలోపు వాడకపోతే పోతుంది. పెద్దాడికి గేమో, నీకు పుస్తకమో కొనుక్కోవచ్చు. మిగతా యాప్‌లకి వేరే ఈమెయిల్ పెట్టుకో, రోజూ వాడేది ఇవ్వకు. ఆధార్ ఫోటో, బ్యాంకు ఓటీపీ ఇవ్వాల్సిన సర్వే ప్రపంచంలో లేదు. పేపాల్ అని, ఆన్‌లైన్లో దేశాల మధ్య డబ్బు పంపే సర్వీసు ఉంది. అందులో డబ్బిచ్చే విదేశీ సైట్లకైతే పేపాల్ ఖాతాకి పాన్ కావాలి. అది పేపాల్‌కి ఇచ్చేదే, సర్వే సైటుకి కాదు. డాలరు రూపాయయ్యేటప్పుడు కొంత కోత కూడా ఉంటుంది. ఇంకోటి, కనీసం ఇన్ని పాయింట్లుంటేనే కూపన్ అని ఒక గీత ఉంటుంది. గీత దాటిన రోజే తీసేసుకో, పెద్దమొత్తం చేద్దామని దాచకు.

నీ తమ్ముడు కూడా డల్లాస్‌లో ఇలాంటివేవో చూస్తున్నాడని మీ అమ్మ అంది. అక్కడ కొన్ని నిజంగా మెరుగైనవే. యూనివర్సిటీ పరిశోధకుల ప్రశ్నలు వచ్చే ప్రొలిఫిక్ అనే సైటైతే గంటకి కనీసం 8 డాలర్లు ఇవ్వాలని పరిశోధకులకే షరతు పెట్టింది. కానీ వాడు ఎఫ్1 వీసా మీదున్నాడు, అంటే చదువుకోడానికిచ్చే వీసా. అనుమతి లేని సంపాదన చిన్నదైనా వీసాకి చేటు. కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసువాళ్ళని అడక్కుండా ముట్టుకోవద్దని చెప్పు.

మా వృత్తిలో జవాబు చెప్పేవాళ్ళకి కాస్త డబ్బు కనబడేది ఒక్కచోటే. గ్రూప్ డిస్కషన్ అంటారు. విజయవాడలో ఏ హోటల్ గదిలోనో ఎనిమిది మందిని కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడిస్తారు, టీ బిస్కట్లు పెడతారు, వెళ్ళేటప్పుడు చేతిలో కవరు. అదీ ఆర్నెల్లకోసారి మించి పిలవరు, ఒకే మనిషి పదే పదే వస్తే నిజం చెప్పడం మానేసి వాళ్ళకి నచ్చేది చెప్తుందని. మీ తెనాలి నుంచి రానూపోనూ బస్సు ఛార్జీ పోగా బాగానే మిగులుతుంది. మనుషుల్ని కుదిర్చే ఆవిడ ఒకరు నాకు ఇంకా పరిచయమే, నీ సంగతి చెప్పి పెడతా. ఆశ పెట్టుకోకు, పిలిస్తే వెళ్ళు.

నీకు పదకొండు నుంచి మూడు దాకా ఖాళీ అన్నావు. ఆ నాలుగు గంటలూ ఎవడో గీసిన గడిలో ఖాళీ కోసం కాచుకోవడం నాకు నచ్చలేదే. మీ వీధిలో చీరలకి ఫాల్ కుట్టి పీకో చేసేవాళ్ళు ఎవరూ లేరని, బజారు దాకా వెళ్ళి వారం ఆగాల్సొస్తోందని సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే అన్నావు. పెళ్ళికి ముందు నా జాకెట్లన్నీ కుట్టింది నువ్వేగా. నెలకి ఇరవై చీరలొచ్చినా నా ముప్ఫై రోజుల 285 మొదటి మూడు నాలుగు చీరల్లోనే దాటేస్తావు. నచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారు, పక్కింటావిణ్ణి తీసుకొస్తారు. సర్వే యాప్‌లో పదేళ్ళున్నా నువ్వెవరో వాడికి తెలీదు.

నా పీకో మిషన్ అటక మీద ఉంది. మోటారు బాగానే ఉంది, బెల్టు మార్పించాలి. వచ్చే ఆదివారం అల్లుణ్ణి తీసుకునిరా, పెదనాన్న ఒక్కరూ దించలేరు. వచ్చేటప్పుడు ఆ 999 అడిగినవాడి మెసేజ్‌లు ఫోన్లో ఉంచు, చూస్తాను.

అన్నట్టు, నా కూపన్ గీత 250. దాంతో స్టీలు టీ వడగట్టు, కొబ్బరి కోరు తెప్పించా. మిగతా 35 రూపాయల పాయింట్లు ఇంకా అందులోనే ఉన్నాయి, గీత దాటాలంటే ఇంకో నెల మంచమెక్కాలట.

నీ పెద్దమ్మ